బండచేతులాయన

మా గాజు కార్ఖానాలో దేవుణ్ణి దేవుడని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పిలవకూడదని కాదు. ఆ పేరుతో పిలిస్తే ఆయన పలకడని మా అందరికీ గట్టి నమ్మకం. అందుకే ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకున్నారు. కరెంటు పోతే ఆయన ఫ్యూజాయన. ఎంత మొరపెట్టుకున్నా పని జరగకపోతే చెవిటాయన. ప్యాకింగ్ అక్క మాత్రం ఇల్లరికపుటల్లుడు అంటుంది. అదేం పేరే అంటే, "మరి కాదా? అందరూ ఆయన చుట్టూ తిరగాలి, ఎప్పుడు అలుగుతాడో తెలీదు, పనంటావా, ఒక్కటీ ముట్టుకోడు" అంటుంది. అని, గొంతు తగ్గించి "తప్పు, తప్పు" అనుకుంటుంది. మళ్ళీ మధ్యాహ్నానికి ఇంకో కొత్త పేరు పెడుతుంది.

ఎన్ని పేర్లున్నా అందరం వాడేది ఒకటే, బండచేతులాయన. అది మా బాబాయి పెట్టిన పేరు. మా బాబాయే ఇక్కడ పెద్ద మేస్త్రి.

ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియాలంటే గాజు సంగతి కొంచెం చెప్పాలి. కొలిమిలో కరిగిన గాజును గొట్టం చివర చుట్టుకుని, ఊది, తిప్పి, ఒక ఆకారం తెచ్చాక దాన్ని అలాగే బయట పెడితే బతకదు. చల్లార్చే పెట్టెలో పెట్టి, ఇనుప తలుపు బిగించి, నెమ్మదిగా వేడి దిగనివ్వాలి. అంతవరకూ ఆ తలుపు తీయకూడదు. మరునాడు తీస్తే కొన్ని నిక్షేపంగా ఉంటాయి, కొన్నింటికి వెంట్రుకంత పగులు ఉంటుంది. ఊదినవాడు గాజు గోడ మందం అంతటా ఒకేలా తేలేదా, గొట్టం నుంచి విడదీసినవాడు తడబడ్డాడా, పెట్టెలో సర్దినవాడు ఆలస్యం చేశాడా అన్నది చాలాసార్లు తేలదు.

ఆ పగులు చూసి చెప్పే పని నాది. కిటికీ పక్కన తనిఖీ బల్ల దగ్గర కూర్చుని, ప్రతి వస్తువునూ వెలుతురులోకి ఎత్తి, తిప్పి చూసి, "బాగుంది" అనో "పోయింది" అనో అంటాను. పెళ్ళిచూపుల్లో తనను కూడా అలాగే తిప్పి చూశానని మా ఇంటాయన ఇప్పటికీ దెప్పుతాడు. బాగుంది అని ఆ రోజు అనలేదు, ఇంతవరకూ అనలేదు.

ఒకప్పుడు నేను "పోయింది" అన్నానంటే కార్ఖానాలో రణరంగమే. ఒక దీపం బుడ్డి దగ్గర ఇద్దరు బావాబావమరుదులు నువ్వంటే నువ్వని మొదలుపెట్టి, ఒకరి పుట్టుపూర్వోత్తరాలు ఒకరు తవ్వుకుని, చివరికి రెండిళ్ళ మధ్య రాకపోకలే ఆగిపోయాయి. అప్పుడు బాబాయి ఆ బుడ్డిని చేతిలోకి తీసుకుని అందరినీ పిలిచాడు.

"ఇది మీలో ఎవరి పనీ కాదు. పైన ఒకాయనున్నాడు. బండచేతులు. ఏది ముట్టుకున్నా పగలగొడతాడు. అంత పెద్ద కార్ఖానా నడుపుతున్నాడు కదా, చూడండి మనుషులు ఎలా తయారయ్యారో. ఇది కూడా ఆయన పనే. ఇక పోయి పని చూసుకోండి."

అందరూ నవ్వారు. బావాబావమరుదులు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి అదే ఆనవాయితీ అయింది. నేను "పోయింది" అంటాను, ఎవరో ఒకరు "ఎవరి పనో" అంటారు, అందరూ కలిసి "బండచేతులాయన" అంటారు, ముక్కలు మళ్ళీ కరిగించడానికి తొట్టిలో పడతాయి. నిందకు ఒక మనిషి దొరికాడు కాబట్టి మాలో మాకు పగలు మిగలలేదు.

దీనికి బాబాయి రెండు కట్టుబాట్లు పెట్టాడు. ఒకటి, కొనేవాళ్ళ ముందు ఆ పేరు ఎత్తకూడదు. రెండోది, ఎంత తిట్టినా ఏకవచనం కూడదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఉత్సాహం కొద్దీ "బండచేతులోడు" అంటే బాబాయికి ఒళ్ళు మండిపోయేది.

"తిట్టు, కావాలంటే పొద్దస్తమానం తిట్టు. వాడు వీడు అన్నావంటే ఊరుకోను. మన తప్పులు మోస్తున్న మనిషి, ఆ మాత్రం మర్యాద లేకపోతే ఎలా?"

ఇందులో నాకు ముచ్చటేసేది ఏమిటంటే, మంచి జరిగితే ఆయనను ఎవరూ తలచుకునేవారు కాదు. వస్తువు అందంగా వస్తే అది మా చేతి చలవ. లోకమంతా మంచిని ఆయన ఖాతాలో వేసి, చెడుకు తలరాత అనో ఖర్మ అనో వేరే పేర్లు వెతుక్కుంటుంది. మేం తిరగేసి వాడుకున్నాం. అయినా ఆయన మా మీద అలిగిన దాఖలాలు లేవు. నాకైతే ఆయనతో స్నేహమూ లేదు, తగాదా లేదు. ఎదురు చెప్పని మనిషి ఒకడు ఇంట్లో ఉంటే ఎంత సుఖమో మాత్రం ఆయన వల్లే తెలిసింది.

ఇలా సాగిపోతున్న రోజుల్లో మా తమ్ముడు ఆ జాడీ చేశాడు.

తమ్ముడికి గొట్టం పట్టడం నేర్పింది బాబాయే. నాన్న పోయాక వాడిని వెంట తీసుకొచ్చి, బుగ్గలు పొంగించి ఊదవద్దని చెంప మీద కొట్టి మరీ నేర్పాడు. ఒక హోటలు వాళ్ళు ముందు గదిలో పెట్టుకోవడానికి నడుమెత్తు జాడీ కావాలన్నారు. అంతటిది మా దగ్గర ఎన్నడూ నిలిచి రాలేదు. బాబాయి వయసులో ఉన్నప్పుడు పంతం పట్టి చేశాడట, చేసినవన్నీ తొట్టిలోకే పోయాయట. ఇప్పుడు ఆయన భుజం సహకరించదు. తమ్ముడు చేస్తానంటే "చెయ్యరా చూద్దాం" అన్నాడు.

వాడు చేస్తుంటే అందరం పనులు ఆపి చూశాం. గొట్టం తిప్పుతూ, ఊదుతూ, మళ్ళీ కొలిమి నోట్లో పెట్టి తీస్తూ వాడు ఈ లోకంలో లేడు. ఎర్రటి ముద్ద కాస్తా సాగి, పొట్ట పెంచుకుని, మెడ సన్నం చేసుకుని నిలబడింది. దాన్ని చల్లార్చే పెట్టెలో దించి తలుపు బిగించాక, వాడు నేల మీద చతికిలబడి ఒక చెంబెడు నీళ్ళు తాగాడు. బాబాయి వాడి తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

పెట్టె చల్లారాక తమ్ముడే తలుపు తీశాడు. జాడీని రెండు చేతులా ఎత్తి, కళ్ళకున్న అద్దాలను నుదుటి మీదకు నెట్టుకుని, దగ్గరగా చూడబోయాడు. అది వాడి చేతుల్లోనే పేలిపోయింది. నేను తల ఎత్తేసరికి వాడు మొహం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది.

ఎడమ కన్ను పోయింది. కుడి కన్నుకు ఏమీ కాలేదని, గాయం మానాక పని చేసుకోవచ్చని డాక్టరు చెప్పారు. ఆసుపత్రిలో అందరం మంచం చుట్టూ నిలబడ్డాం. తమ్ముడే కట్టు కింద నుంచి నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఎందుకలా నిలబడ్డారు? ఎవరి పనో తెలిసిందేగా. బండచేతులాయన."

ప్యాకింగ్ అక్క బయటకు పరుగెత్తింది. బాబాయి మంచం చివర కమ్మీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పెంచిన మమకారం కదా అనుకున్నాను.

గాయం మానింది. తమ్ముడు మాత్రం పనిలోకి రాలేదు. వాడి గొట్టం గోడకు ఆనించి అలాగే ఉంది. రేపు వస్తాడు, వచ్చే వారం వస్తాడు అనుకుంటూ గడిపాం. నేను ఇంటికి వెళ్ళి అడిగితే, "వస్తాలే అక్కా" అనేవాడు. ఒకసారి మంచినీళ్ళు అడిగితే మరదలు స్టీలు గ్లాసులో ఇచ్చింది. అలమరలో గాజు సామానంతా మాయమైంది. నేను అటు చూడటం తమ్ముడు గమనించి మొహం తిప్పుకున్నాడు. పోయిన కన్ను గుర్తొస్తుంది కాబోలు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఒక రోజు భోజనాల వేళ మరదలు కార్ఖానాకు వచ్చింది. ఎప్పుడూ గడప లోపలికి రాని పిల్ల. చంటిదాన్ని చంకన వేసుకుని, డబ్బాలు విప్పుకుని కూర్చున్న మా అందరి మధ్యకూ వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ రోజు ఏం జరిగిందో నాకు చెప్పండి" అంది.

ఎవరో అలవాటు కొద్దీ గొణిగారు. "ఏం చెప్తామమ్మా, ఆ బండచేతులాయన..."

"ఆయన సంగతి నేను తర్వాత చూసుకుంటాను. ఆయన ఎక్కడికీ పోడు కదా. ముందు మీ సంగతి చెప్పండి. ఆ జాడీ ఎందుకు పగిలింది?"

ప్యాకింగ్ అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఎవరినని అంటామే తల్లీ? అందరూ నీవాళ్ళే. ఎవరో ఒకరి మీద వేస్తే వాడి కన్ను వస్తుందా?"

"కన్ను అడగటానికి రాలేదక్కా" అంది మరదలు. గొంతు వణకలేదు, దానికే నాకు భయమేసింది. "కేసులు పెట్టడానికీ రాలేదు. మీకు తెలీదు, ఆయన దీన్ని ఎత్తుకోవడం మానేశారు. ఏడుస్తున్నా ఎత్తుకోరు. ఇంట్లో గాజు గ్లాసు ముట్టుకోరు. నిన్న గట్టిగా అడిగాను, మీకేమైందని. ఏమన్నారో తెలుసా? బండచేతులాయన అంటే ఎవరనుకున్నావు, నేనేనే, అన్నారు. నా చేతుల్లోనే లోపం ఉంది, జాడీ గోడ నేనే పాడుచేసి ఉంటాను, దీన్ని కూడా పడేస్తాను, అన్నారు."

ఎవరి చేతిలో ముద్ద వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. ఇంతకాలం ఆ పేరు మా అందరినీ కాపాడుతోందని మురిసిపోయాం. అది వాడి ఒక్కడి మీద ఎంత బరువుగా కూర్చుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. ఎవరి పనీ కానిది తన పనే అయి ఉండాలని వాడు లెక్క తేల్చుకున్నాడు.

"గోడ పాడవలేదు" అన్నాను. "ఆ ముక్కలు ఊడ్చింది నేనే. ప్రతి ముక్కా చూశాను. అంతా ఒకటే మందం. అలాంటి గోడ నేను ఇంతవరకూ చూడలేదు."

"ఆ మాట ఆయనతో చెప్పారా వదినా?"

"చెప్పాను. అక్కవి కాబట్టి అలాగే అంటావు అన్నాడు."

"అయితే మరి ఎందుకు పగిలింది?"

బాబాయి అప్పటికే లేచి, కుళాయి దగ్గర డబ్బా కడుగుతున్నాడు. కడిగిందే కడుగుతున్నాడు. చాలాసేపటికి కుళాయి కట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, మా ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"పదమ్మా, మీ ఇంటికి వెళ్దాం." తర్వాత నాతో "నువ్వు కూడా రా" అన్నాడు.

దారి పొడుగునా ఆయన ముందు నడిచాడు. మేం వెనకాల. నాకు అప్పటికే తెలిసిపోయింది, కానీ తెలియనట్టు నడిచాను.

తమ్ముడు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాబాయిని చూసి లేవబోతే, "కూర్చో" అని, తను మాత్రం నిలబడే ఉన్నాడు.

"తలుపు నేను తీశాను రా."

తమ్ముడికి అర్థం కాలేదు. "ఏ తలుపు?"

"చల్లార్చే పెట్టె తలుపు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక. ఇంకా వేడి మీదే ఉంది. కాస్త తీసి చూసి, వెంటనే మూసేశాను. ఏమీ కాలేదులే అనుకున్నాను. ఎంతసేపు తీశాను గనక అనుకున్నాను. చల్లగాలి ఒక్క విసురు చాలు పగలడానికని నీకు నేర్పింది నేనే."

"ఎందుకు తీశావు?"

"చూడాలనిపించింది."

"తెల్లారితే చూసేవాడివిగా."

"ఆగలేకపోయాను." బాబాయి తన భుజం నిమురుకున్నాడు. "వయసులో ఉన్నప్పుడు దానికోసం నా చేతులు కాల్చుకున్నాను. నాకు ఒక్కటీ నిలవలేదు. నీకు నిలిచింది. అసూయో, సంతోషమో నాకే తెలీదు. ఎవరూ లేనప్పుడు, నేను ఒక్కణ్ణే, ఒకసారి చూసుకోవాలనిపించింది."

తమ్ముడు చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత అడిగిన మాట నేను ఊహించలేదు.

"ఎలా ఉంది?"

"ఏది?"

"జాడీ. నువ్వు చూసినప్పుడు ఎలా ఉంది? నేను ఎత్తాను అంతే, సరిగ్గా చూడనేలేదు."

బాబాయి చెప్పడం మొదలుపెట్టాడు. మూతి అంచు ఎక్కడా వంకర పోలేదని, మెడ దగ్గర రంగు కొంచెం ఆకుపచ్చకు తిరిగిందని, పొట్ట ఏ పక్కకూ వాలకుండా నిండుగా కూర్చుందని, కొలిమి వెలుగు దాని లోపలికి వెళ్ళి అక్కడే ఉండిపోయినట్టు కనిపించిందని. చేతులు గాల్లో తిప్పుతూ ఆ జాడీని మళ్ళీ కట్టి చూపించాడు. తమ్ముడు ఉన్న ఒక్క కన్నుతో ఆ చేతులనే చూస్తూ విన్నాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి.

"నువ్వే ఆయన పేరు చెప్పావుగా, ఆసుపత్రిలో. దాని వెనకాల దాక్కున్నాను. ఆయన ఎదురు చెప్పడు కదా." బాబాయి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎన్నో ఆయన నెత్తిన రుద్దాను. ఇది మాత్రం ఆయన చెయ్యలేదు రా. నేను చేశాను."

అప్పుడు తమ్ముడికి కోపం వచ్చింది. ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. కుర్చీ వెనక్కి పడేలా లేచి, వాడు బాబాయిని తిట్టని తిట్టు తిట్టాడు. దేవుడికి కూడా తప్పదన్న మర్యాద ఆ రోజు బాబాయికే దక్కలేదు. ఒరే అని ఏకవచనంలోనే తిట్టాడు. నా కన్ను పోతే పోయింది, నా చేతులు కూడా తీసేసుకుందామనుకున్నావా అన్నాడు. ఆ అరుపులకు చంటిది బెదిరి గుక్కపట్టింది. తమ్ముడు తిడుతూనే మరదలి చంకలోంచి దాన్ని లాక్కుని భుజాన వేసుకుని, వీపు మీద తడుతూ, గదిలో అటూ ఇటూ తిరుగుతూ మళ్ళీ తిట్టాడు. తను ఏం చేస్తున్నాడో వాడికి తెలియదు. మరదలు గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

చంటిది సద్దుమణిగాక వాడి గొంతు కూడా తగ్గింది.

"రేపు వస్తాను. కానీ ఆ తలుపు దగ్గర నువ్వు కనిపించకూడదు. ఎప్పటికీ."

"కనిపించను."

"క్షమించానని కూడా అనుకోకు."

"అనుకోను" అన్నాడు బాబాయి.

మరునాడు తమ్ముడు వచ్చాడు. గోడకు ఆనించిన గొట్టం తీసుకుని, దుమ్ము తుడిచి, మొదట చిన్న చిన్న గ్లాసులతో మొదలుపెట్టాడు. ఒక కన్నుతో దూరం అందక తడబడ్డాడు, తిట్టుకున్నాడు, మళ్ళీ చేశాడు. బాబాయి కొలిమి అవతలి వైపు నుంచి గాజు కలుపుతూ ఉండిపోయాడు. పెట్టె తాళం ఇప్పుడు ప్యాకింగ్ అక్క నడుముకు వేలాడుతోంది. ఇల్లరికపుటల్లుడికి కూడా అది ఇవ్వనని చెప్పింది.

తర్వాతి రోజు పెట్టె తీసి నా బల్ల మీద పెట్టారు. ఒక్కొక్కటీ ఎత్తి చూశాను. అన్నీ బాగున్నాయి, ఒకటి తప్ప. తమ్ముడు చేసిన గ్లాసే. అడుగున సన్నటి పగులు.

"పోయింది" అన్నాను.

ఎవరో అలవాటుగా "ఎవరి ప..." అని సగంలో మింగేశారు. ఆ పేరు ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. తమ్ముడు వచ్చి ఆ గ్లాసు తీసుకుని, కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. గోడ మీద వేలు జరిపాడు.

"గోడ బాగానే ఉంది" అన్నాడు. తర్వాత అందరి వైపూ తిరిగాడు. "విడదీసింది ఎవరు?"

"నేను. చెయ్యి జారలేదు" అన్నాడు ఒకడు.

"పెట్టెలో సర్దింది?"

"నేనే. ఆలస్యం కాలేదు."

"తలుపు ఎవరైనా తీశారా?"

"తాళం నా దగ్గరే ఉంది" అంది ప్యాకింగ్ అక్క.

తమ్ముడు చివరికి కొలిమి అవతలికి చూశాడు. బాబాయి తల అడ్డంగా ఊపాడు. తమ్ముడు ఆయన మొహంలోకి కాసేపు చూసి, నమ్మాడు.

"అయితే ఆయనే" అన్నాడు, గ్లాసు తొట్టిలో వేస్తూ.

అందరూ నవ్వారు. ప్యాకింగ్ అక్క "తప్పు, తప్పు" అనుకుంది. మా కార్ఖానాలో ఇప్పుడు ఆనవాయితీ కొంచెం మారింది. ముందు మాలో ఒక్కొక్కరినీ అడుగుతాం, ఆ తర్వాతే ఆయన. నేనైతే, ఎవరి తప్పూ లేకుండా ఆ గ్లాసు పగిలిన రోజునే మొదటిసారి, పైన నిజంగా ఒకాయన ఉన్నాడేమో అనుకున్నాను.